స్పీక్ అండ్ స్పెల్: డెపెష్ మోడ్ తొలి ఆల్బమ్

'స్పీక్ అండ్ స్పెల్' బ్రిటిష్ బృందం డెపెష్ మోడ్ తొలి ఆల్బమ్. లండన్‌కు చెందిన మ్యూట్ రికార్డ్స్ 1981 అక్టోబరులో దీన్ని విడుదల చేసింది. పదకొండు పాటలు, దాదాపు 40 నిమిషాల నిడివి. గొంతులను పక్కన పెడితే ఇందులో వినిపించేదంతా సింథసైజర్ల నుంచి పుట్టిందే. గిటార్ లేదు, తోలు బిగించిన డ్రమ్ములు లేవు. బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో ఇది పదో స్థానం దాకా ఎక్కింది. దీనిలోని 'న్యూ లైఫ్' సింగిల్‌గా పదకొండో స్థానానికి, 'జస్ట్ కాంట్ గెట్ ఎనఫ్' ఎనిమిదో స్థానానికి చేరాయి. అక్షరాలు పలికి స్పెల్లింగ్ నేర్పే పిల్లల ఆటబొమ్మ ఒకటి 1978లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ నుంచి వచ్చింది. ఆల్బమ్ పేరు ఆ బొమ్మదే. పాటల్లో అత్యధికం రాసిన విన్స్ క్లార్క్, ఆల్బమ్ వచ్చిన కొద్ది వారాలకే బృందం వదిలి వెళ్లిపోయాడు.

ఆ నిష్క్రమణ తర్వాత డెపెష్ మోడ్ చాలా దూరం ప్రయాణించింది. భక్తి, అపరాధ భావం, కోరిక, నొప్పి వంటి బరువైన విషయాలను యంత్ర ధ్వనులతో చెప్పే బృందంగా పేరు తెచ్చుకుంది. 1990 నాటి 'వయొలేటర్'తో ప్రపంచంలోని పెద్ద బృందాల వరుసలో చేరింది, 2020లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సంపాదించింది. ఆ ఎత్తు మీద నుంచి వెనక్కి చూసేవారికి తొలి ఆల్బమ్ ఎదగని కుర్రాళ్ల సరదా ప్రయత్నంలా కనిపిస్తుంది. 'అసలు డెపెష్ మోడ్ ఆ తర్వాతే మొదలైంది' అనడం రివాజైపోయింది. ఈ అంచనా ఆల్బమ్‌కు న్యాయం చేయదు. ఒక్కసారికి ఒక్క స్వరమే పలకగల చవక యంత్రాలు కొన్నింటిని కలిపి, మూడు నిమిషాల పాటను ఎలా కట్టవచ్చో ఇది తేల్చి చూపింది. దీని తేలికదనం ఆ నిర్మాణ పద్ధతి నుంచి వచ్చింది. ఆ పద్ధతి తెలిస్తే ఆల్బమ్ విలువతో పాటు, అది ఎవరికి నచ్చుతుంది, ఎవరికి నచ్చదు అన్నదీ తేలిపోతుంది.

యంత్రం చవకైన కాలం

అమెరికాలో రాబర్ట్ మోగ్ 1960ల నడుమ తయారుచేసిన తొలి సింథసైజర్లు గదిలో ఒక గోడ పొడవునా పరుచుకునేవి. వాటిని కొనగలిగింది విశ్వవిద్యాలయాలు, పెద్ద స్టూడియోలు, బాగా డబ్బున్న సంగీతకారులు మాత్రమే. 1970లో వచ్చిన మినీమోగ్ వేదిక మీదికి మోసుకెళ్లగలిగేంత చిన్నదైనా ధర మాత్రం దిగలేదు. అందుకే ఆ దశాబ్దంలో సింథసైజర్ ఎక్కువగా ప్రోగ్రెసివ్ రాక్ విద్వాంసుల చేతుల్లో, సుదీర్ఘమైన సోలోల్లో వినిపించింది. దాన్ని అనుమానంగా చూసినవారూ ఉన్నారు. క్వీన్ బృందం తమ రికార్డుల్లో సింథసైజర్ వాడలేదని అట్టల మీద అచ్చు వేయించుకుంది. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నుంచి క్రాఫ్ట్‌వెర్క్ బృందం 1974లో 'ఆటోబాన్'తో, 1977లో 'ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్'తో మరో దారి చూపింది. అదే 1977లో జార్జియో మొరోడర్, డోనా సమ్మర్ గొంతుకు సీక్వెన్సర్ (స్వరాల వరుసను తిప్పి తిప్పి పలికే యంత్రం) నడక జోడించి 'ఐ ఫీల్ లవ్' అందించాడు. యంత్రం మీద పాట నడవగలదనీ, జనం దానికి నాట్యం చేయగలరనీ ఈ రెండూ రుజువు చేశాయి.

మలుపు మాత్రం ధరతోనే వచ్చింది. 1970ల చివరికి కోర్గ్, రోలాండ్, యమహా, కవాయ్ వంటి జపాన్ కంపెనీల చిన్న సింథసైజర్లు ఉద్యోగం చేసుకునే కుర్రాడి జీతానికి అందుబాటులోకి దిగాయి. గిటార్ మీద మూడు కార్డులు (కలిసి పలికే స్వరాల గుంపులు) నేర్చుకుంటే ఎవరైనా బృందం పెట్టవచ్చని పంక్ చాటిన రోజులవి. సింథసైజర్‌కు ఆ మూడు కార్డులు కూడా అక్కర్లేదు, ఒక వేలు చాలు. డేనియల్ మిల్లర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్న కోర్గ్ 700ఎస్ మీద ఇంట్లోనే పాటలు రికార్డు చేసి, 1978లో 'ది నార్మల్' పేరుతో సింగిల్ విడుదల చేశాడు. మ్యూట్ రికార్డ్స్ దానితోనే పుట్టింది. అదే ఏడాది షెఫీల్డ్ నుంచి హ్యూమన్ లీగ్ 'బీయింగ్ బాయిల్డ్' తెచ్చింది. 1979లో ట్యూబ్‌వే ఆర్మీ పేరుతో గ్యారీ న్యూమన్ చేసిన 'ఆర్ ఫ్రెండ్స్ ఎలక్ట్రిక్?' బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అప్పటి సింథ్ పాటల్లో ఎక్కువ భాగం చలి, ఒంటరితనం, కాంక్రీటు నగరాలు, భవిష్యత్తు భయాల చుట్టూ తిరిగేవి. 'స్పీక్ అండ్ స్పెల్' ప్రత్యేకత ఏమిటో అంచనా వేయాలంటే ఈ నేపథ్యం గుర్తుంచుకోవాలి.

బాసిల్డన్ కుర్రాళ్లు

డెపెష్ మోడ్ పుట్టిన బాసిల్డన్, లండన్‌కు తూర్పున ఎసెక్స్ కౌంటీలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లండన్ జనాభాను సర్దడానికి 1949లో ప్రభుత్వం ఎంపిక చేసి కట్టించిన కొత్త పట్టణాల్లో అదొకటి. విన్స్ క్లార్క్, మార్టిన్ గోర్, ఆండీ ఫ్లెచర్ అక్కడ పెరిగిన మధ్యతరగతి, కార్మిక కుటుంబాల పిల్లలు. గోర్ లండన్‌లో బ్యాంకు ఉద్యోగి, ఫ్లెచర్ బీమా సంస్థలో గుమస్తా. 1980లో 'కంపోజిషన్ ఆఫ్ సౌండ్' పేరుతో మొదలైన ఈ ముగ్గురూ, డేవిడ్ బోవీ పాట ఒకటి పాడుతుండగా విన్న డేవ్ గహాన్‌ను గాయకుడిగా చేర్చుకున్నారు. కొత్త పేరును ఒక ఫ్రెంచి ఫ్యాషన్ పత్రిక నుంచి తీసుకున్నారు. ఆల్బమ్ వచ్చేనాటికి గహాన్ వయసు 19, బృందంలో పెద్దవాడైన క్లార్క్‌కు 21.

తూర్పు లండన్ క్యానింగ్ టౌన్‌లోని బ్రిడ్జ్ హౌస్ అనే పబ్బులో, ఫ్యాడ్ గ్యాజెట్ అనే గాయకుడి కచేరీకి ముందు ఆడుతుండగా డేనియల్ మిల్లర్ వీరిని విన్నాడు. అంతకుముందే మిల్లర్ ఒక విచిత్రమైన పని చేసి ఉన్నాడు. సింథసైజర్లు తప్ప ఏమీ వాయించని టీనేజి పాప్ బృందాన్ని ఊహించుకుని, దానికి సిలికాన్ టీన్స్ అని పేరుపెట్టి, పాత రాక్ అండ్ రోల్ పాటలను తానే యంత్రాల మీద వాయించి 1980లో ఆల్బమ్‌గా తెచ్చాడు. బ్రిడ్జ్ హౌస్‌లో అతనికి ఆ ఊహ మనుషుల రూపంలో ఎదురైంది. కాగితం మీద ఒప్పందమేమీ రాసుకోలేదు. లాభం చెరి సగం అన్న మాట మీద చేతులు కలిపారు. 1981 తొలినాళ్లలో వచ్చిన 'సమ్ బిజార్ ఆల్బమ్' అనే సంకలనంలో 'ఫొటోగ్రాఫిక్' పాట తొలి రూపం చోటు చేసుకుంది. ఫిబ్రవరిలో మ్యూట్ తెచ్చిన తొలి సింగిల్ 'డ్రీమింగ్ ఆఫ్ మీ' 57వ స్థానం దగ్గర ఆగింది. జూన్‌లో వచ్చిన 'న్యూ లైఫ్' పట్టికలో ఎగబాకుతుండగా బీబీసీ 'టాప్ ఆఫ్ ది పాప్స్' కార్యక్రమానికి పిలుపొచ్చింది. నలుగురూ సింథసైజర్లను చంకన పెట్టుకుని రైలెక్కి వెళ్లారు. వాద్యబృందమంతా రైలు పెట్టెలో ఇమిడిపోవడం అప్పటికి కొత్త సంగతి. సంగీతం ఎవరి చేతుల్లోకి వచ్చిందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఒక్కసారికి ఒక్క స్వరం

ఆల్బమ్ రికార్డింగ్ లండన్‌లోని బ్లాక్‌వింగ్ స్టూడియోలో జరిగింది. ప్రార్థనలు ఆగిపోయిన ఒక పాత చర్చి భవనంలో ఎరిక్ రాడ్‌క్లిఫ్ నడిపిన స్టూడియో అది. నిర్మాణ బాధ్యత బృందంతో పాటు మిల్లర్‌ది. కుర్రాళ్ల చేతిలోని యంత్రాలు మూడు: క్లార్క్ దగ్గర కవాయ్ 100ఎఫ్‌ఎస్, గోర్ దగ్గర యమహా సీఎస్-5, ఫ్లెచర్ దగ్గర మోగ్ ప్రాడిజీ. మూడూ ఒక్కసారికి ఒక్క స్వరం పలికేవే. పియానో మీద పది వేళ్లతో పది స్వరాలు మోగించవచ్చు, గిటార్‌ను ఒక్కసారి మీటితే ఆరు తీగలు పలుకుతాయి. ఈ యంత్రాల మీద రెండు మెట్లు కలిపి నొక్కినా మోగేది ఒక్కటే. పాశ్చాత్య పాప్ పాటకు పునాది కార్డు, అంటే కలిసి పలికే మూడు నాలుగు స్వరాల గుంపు. అది చేతికి అందనప్పుడు పాట కట్టేవాడికి ఒకటే దారి మిగులుతుంది. కార్డును విడదీసి, దాని స్వరాలను వేర్వేరు యంత్రాలకు పంచి, ఒక్కొక్కదానికి సొంత నడక ఇవ్వాలి. ఈ ఆల్బమ్ అంతటా జరిగింది అదే. జడ కోలాటంలో ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క తాడే ఉన్నా, వాళ్లు దాటుకుంటూ తిరిగే క్రమంలో జడ అల్లుకుంటుంది. ఇక్కడ కార్డు కూడా అలాగే ఏర్పడుతుంది. దాన్ని ఎవరూ విడిగా వాయించరు.

లయ పుట్టిన తీరు మరింత ఆసక్తికరం. డ్రమ్ముల ధ్వనులు చాలావరకు మిల్లర్ సొంత యంత్రం ఆర్ప్ 2600 నుంచి వచ్చాయి. ఇలాంటి యంత్రంలో డ్రమ్ దెబ్బ అనే మీట ఏదీ ఉండదు, దాన్ని తయారు చేసుకోవాలి. బాగా కింది స్థాయి స్వరాన్ని పలికించి, అది రేగిన క్షణంలోనే శ్రుతి దిగజారేలా అమర్చితే గుండెకు తగిలే పెద్ద డ్రమ్ము మోత వస్తుంది. రేడియో స్టేషన్ దొరకనప్పుడు వినిపించే బుస లాంటి శబ్దాన్ని తీసుకుని, లిప్తపాటులో తెగిపోయేలా కత్తిరిస్తే అది స్నేర్ డ్రమ్ము దెబ్బ. అదే బుసలోని కింది భాగాన్ని ఫిల్టర్‌తో తీసేస్తే తాళం చప్పుడు. ఇక సీక్వెన్సర్ అనే జోడు యంత్రంలో ఉన్నవి పదహారు మెట్లు. ఒక్కొక్క మెట్టుకు ఉన్న గుండీ తిప్పి స్వరం అమర్చాలి. నడక మొదలయ్యాక అది అలసట లేకుండా ఆ పదహారునే తిప్పి తిప్పి పలుకుతుంది. శ్రుతి వేడికి జారుతుంది కాబట్టి మాటిమాటికీ సరిచూసుకోవాలి. ఇవన్నీ చెవి మీద ఆధారపడిన పనులు. ఆల్బమ్‌లో పొడిగా, చిన్నగా, అంచులు తేలి వినిపించే ధ్వని ఈ చేతిపని ఫలితం. ప్రతి శబ్దాన్నీ విడిగా చెక్కారు కనుక ఏ శబ్దమూ మరొకదాని మీద పడి దాన్ని మింగేయదు.

పాటల్లో పద్ధతి

'జస్ట్ కాంట్ గెట్ ఎనఫ్'ను ఈ దృష్టితో వింటే నిర్మాణమంతా బయటపడుతుంది. మొదట లయ, దాని మీద పై స్థాయిలో గెంతే చిన్న స్వరపంక్తి ఒకటి వస్తాయి. దాని కింద బాస్ చేరుతుంది, తర్వాత వాటి సందుల్లో మరో పంక్తి దూరుతుంది. వీటిలో ఏ ఒక్కదాన్నయినా ఒంటి వేలితో వాయించవచ్చు, ఒక్కొక్కటీ విడిగానే గుర్తుండిపోతుంది. గొంతు ప్రవేశించే సరికి పాటలో మూడు బాణీలు అప్పటికే నడుస్తుంటాయి, గాయకుడిది మరొకటి మాత్రమే. చివరిలో ఆ పంక్తుల మీద గొంతులు కూడా పొరలు పొరలుగా చేరి చుట్లు తిరుగుతాయి. మామూలు పాప్ పాటలో పల్లవి తలకెక్కుతుంది. ఇక్కడ తోడు నడిచే వాద్యపంక్తి కూడా పల్లవిలా తలకెక్కుతుంది. స్కాట్లాండ్‌లోని సెల్టిక్, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ అభిమానులు స్టేడియాల్లో వేలగొంతులతో ఈ పాటను అందుకున్నారు. 2004లో ఫ్రాన్స్‌కు చెందిన నూవెల్ వాగ్ బృందం దీన్ని బ్రెజిల్ బోసా నోవా నడకలో మెత్తగా పాడించింది. యంత్రాన్ని తీసేసినా పాట నిలబడిందంటే, దాని బలం ధ్వని చమత్కారంలో కన్నా బాణీ అల్లికలో ఉందన్నమాట.

'న్యూ లైఫ్' అదే సూత్రాన్ని వేగంగా నడిపిస్తుంది. నడుమ వాద్యాలు తగ్గి గొంతులు ఒకదాని మీద ఒకటి పేరుకునే ఘట్టం, అందరూ యంత్రాల పాటగా చూసే దానిలో మనిషి గొంతుకున్న పాత్రను గుర్తు చేస్తుంది. 'వాట్స్ యువర్ నేమ్?' ఒక మాటను అక్షరం అక్షరంగా విడదీసి కోరస్‌గా పాడించే ఆటపాట. ఆల్బమ్‌లో అన్నిటికన్నా పలుచనిది కూడా అదే. 'నోడిస్కో' పేరుకు డిస్కోను కాదంటూనే డిస్కో లయ మీద నడుస్తుంది. 'ఐ సమ్‌టైమ్స్ విష్ ఐ వాజ్ డెడ్' పేరులో చావు కోరిక ఉన్నా రెండు నిమిషాల చిల్లర హుషారు బాణీ. 'పపెట్స్' వేగం తగ్గించి, ఒకరిని ఆడించే అధికారం గురించి నిదానంగా మాట్లాడుతుంది. 'ఫొటోగ్రాఫిక్' వీటికి భిన్నం. మెలకువ రాని రాత్రి ప్రయాణంలా ఒకే బాస్ పంక్తి ఆగకుండా సాగుతుంది, గహాన్ గొంతులో ఉద్వేగం ఆనవాలే ఉండదు. క్లార్క్‌కు చీకటి రాయడం చేతకాదన్న మాటకు ఈ పాటే జవాబు.

క్లార్క్‌వి కాని పాటలు రెండున్నాయి, రెండూ గోర్‌వే. 'టోరా! టోరా! టోరా!' పెర్ల్ హార్బర్ దాడి మీద 1970లో వచ్చిన సినిమా పేరును పంచుకుంటుంది. యుద్ధపు బీభత్సాన్ని మసక కలలా చూపే ఆ పాటలో, తర్వాతి డెపెష్ మోడ్ తొలిసారి తల ఎత్తుతుంది. రెండోది 'బిగ్ మఫ్', మాటల్లేని వాద్యరచన. గిటార్ లేని ఆల్బమ్‌లో ఒక ప్రసిద్ధ గిటార్ ఎఫెక్ట్ పెడల్ పేరు పెట్టుకున్న పాట అది. గోర్ తొలిసారి ముఖ్య గాయకుడిగా వినిపించేది మాత్రం క్లార్క్ రాసిన 'ఎనీ సెకండ్ నౌ'లో. లయ దాదాపు లేకుండా, మెరిసే స్వరాల మీద సన్నని గొంతు తేలే ఆ పాట ఆల్బమ్ మొత్తంలో అతి సున్నితమైనది. పాటల వరుసలో దాని వెంటనే 'జస్ట్ కాంట్ గెట్ ఎనఫ్' పెట్టి ఆల్బమ్ ముగించారు. అమెరికాలో సైర్ సంస్థ తెచ్చిన కూర్పులో 'ఐ సమ్‌టైమ్స్ విష్ ఐ వాజ్ డెడ్' తీసేసి 'డ్రీమింగ్ ఆఫ్ మీ' చేర్చారు. అట్ట మీది బొమ్మ బ్రయన్ గ్రిఫిన్ తీసిన ఫొటో. గూటిలో కూర్చున్న హంసను పారదర్శక ప్లాస్టిక్ చుట్టలో చూపిస్తుంది. పాటల హుషారుకూ ఆ బొమ్మకూ పొంతన కుదరదన్న వ్యాఖ్య మొదటి నుంచీ ఉంది.

అభ్యంతరాలు

ఈ ఆల్బమ్ మీద వినిపించే మొదటి ఆక్షేపణ సాహిత్యం గురించి. మాటలు తేలిక, కొన్నిచోట్ల అర్థమే అందదు. ఇందులో నిజం ఉంది. 'న్యూ లైఫ్' విని దాని కథ చెప్పమంటే చెప్పడం కష్టం. కానీ క్లార్క్ పాటల్లో మాట చేసే పని వేరు. యంత్రాలు పలికే పొట్టి, తెగిన స్వరాల మధ్య గొంతు కూడా పొట్టి, తెగిన పదాలతో లయకు కలిసొస్తుంది. అచ్చులు ఎక్కడ సాగాలి, హల్లులు ఎక్కడ కొట్టాలి అన్నదాన్ని బట్టి పదాలు పడ్డాయి. కవితగా చదివితే ఇవి నిలవవు, నిలవాలన్న ఉద్దేశం వాటికి లేదు. అయితే మాట బరువు కోసం పాట వినేవారికి ఈ సమాధానం తృప్తి ఇవ్వదు, ఇవ్వనక్కర్లేదు కూడా. 'బాయ్స్ సే గో!' లాంటి చోట పద్ధతి ఉన్నా సరుకు తక్కువ. ఆల్బమ్‌లో హెచ్చుతగ్గులు లేవని వాదించడం వృథా.

రెండో ఆక్షేపణ అప్పట్లో వాద్యకారుల నుంచి వచ్చింది: మీటలు నొక్కితే యంత్రం వాయించేదాన్ని సంగీతమని ఎలా అంటారు? ఇది పబ్బుల్లో గొణుగుడుతో ఆగలేదు. బ్రిటన్ మ్యుజీషియన్స్ యూనియన్ సెంట్రల్ లండన్ శాఖ 1982లో సింథసైజర్లు, డ్రమ్ మెషీన్ల మీద నిషేధం కోరుతూ తీర్మానం చేసింది. ఆర్కెస్ట్రా వాద్యకారుల ఉపాధి పోతుందన్న ఆ భయం అర్థం చేసుకోదగినదే, కొంతవరకు నిజమైంది కూడా. కానీ ఉపాధి ప్రశ్న, కళ ప్రశ్న రెండూ ఒకటి కావు. పైన చెప్పుకున్నట్టు ఒక్క డ్రమ్ దెబ్బ కోసం స్వరాన్ని, దాని పతనాన్ని, నిడివిని విడివిడిగా నిర్ణయించాలి. ఏ స్వరం పక్కన ఏ స్వరం నడవాలో మనిషే తేల్చాలి. యంత్రం తిప్పి తిప్పి పలుకుతుంది గానీ ఏది పలకదగినదో దానికి తెలియదు. విన్స్ క్లార్క్ రాసిన 'ఓన్లీ యూ' పాటను 1983లో ఫ్లయింగ్ పికెట్స్ బృందం ఏ వాద్యమూ లేకుండా కేవలం గొంతులతో పాడి, బ్రిటన్‌లో ఆ ఏడాది క్రిస్మస్‌కు మొదటి స్థానంలో నిలిపింది. యంత్రమే పాట రాసి ఉంటే, యంత్రం లేనప్పుడు ఆ పాట మిగలకూడదు కదా.

మూడోది, ఇదంతా క్రాఫ్ట్‌వెర్క్ ఎప్పుడో చేసిందేనన్న మాట. అప్పు ఉన్న మాట వాస్తవం. సీక్వెన్సర్ నడక, శుభ్రమైన ధ్వని, ఉద్వేగం దాచుకున్న గొంతు డ్యూసెల్‌డార్ఫ్ నుంచే వచ్చాయి. తేడా విషయంలో ఉంది. క్రాఫ్ట్‌వెర్క్ పాటలకు యంత్రమే వస్తువు: రహదారి, రైలు, రోబో, 1981లోనే వచ్చిన ఆల్బమ్‌లో కంప్యూటర్. న్యూమన్ పాటల్లోనూ యంత్రం ఒక భయం, ఒక రూపకం. 'స్పీక్ అండ్ స్పెల్'లో యంత్రాల ప్రస్తావన దాదాపు లేదు. పాటలు అమ్మాయిలు, అబ్బాయిలు, నాట్యం, ఫొటోలు, తెల్లవారుజాము గురించి. వీరికి సింథసైజర్ పాత తరం గిటార్ లాగా మామూలు పనిముట్టు అయిపోయింది. ఒక కొత్త వాద్యం జీర్ణమైందనడానికి గుర్తు అదే: దాని గురించి పాడటం మానేసి, దానితో పాడటం. అదే అక్టోబరులో హ్యూమన్ లీగ్ 'డేర్' వచ్చి మొదటి స్థానానికి చేరింది. కొద్ది వారాల ముందే సాఫ్ట్ సెల్ 'టెయింటెడ్ లవ్' సింగిల్స్ పట్టికలో అగ్రస్థానం పట్టింది. మలుపు డెపెష్ మోడ్ ఒక్కరిదే కాదు. కానీ ఆ మూడింటిలో అతి తక్కువ సామగ్రితో, అతి తక్కువ వయసులో ఆ పని చేసింది వీరే.

నాలుగో ఆక్షేపణ గట్టిది: బృందమే ఈ దారి వదిలేసింది కదా? వదిలేసింది నిజమే. క్లార్క్ వెళ్లాక రచన బాధ్యత గోర్ తీసుకున్నాడు. 1982లో అలన్ వైల్డర్ చేరాడు. 1983 నాటి 'కన్‌స్ట్రక్షన్ టైమ్ అగైన్' నుంచి ఇనుప చప్పుళ్లను శాంపిల్ చేసి పేర్చడం మొదలైంది, ధ్వని బరువెక్కింది. కానీ ఒక బృందం వదిలేసిన దారి మూసుకుపోయిందని చెప్పలేం. క్లార్క్ అదే బ్లాక్‌వింగ్‌లో అలిసన్ మోయే గొంతుతో యాజూ పేరున 1982లో 'అప్‌స్టెయిర్స్ ఎట్ ఎరిక్స్' చేశాడు. 1985 నుంచి ఆండీ బెల్‌తో ఇరేజర్ బృందంగా దశాబ్దాల పాటు అదే అల్లికను కొనసాగించాడు. అంటే 'స్పీక్ అండ్ స్పెల్' నుంచి రెండు కొమ్మలు చీలాయి. దీన్ని డెపెష్ మోడ్ మొదటి మెట్టుగా కొలిస్తే చిన్నదిగా తోస్తుంది. విన్స్ క్లార్క్ పద్ధతికి తొలి సంపూర్ణ రూపంగా చూస్తే దాని అసలు కొలత తెలుస్తుంది. ఆ చీలిక శత్రుత్వంగా కూడా మిగల్లేదు. 2012లో క్లార్క్, గోర్ మళ్లీ కలిసి మాటల్లేని టెక్నో ఆల్బమ్ ఒకటి చేశారు.

ఎవరికి నచ్చుతుంది

పై వాదన సరైనదైతే శ్రోతల లెక్క కూడా దాని నుంచే వస్తుంది. మొదటిగా ఇది బాణీ ప్రియులది. పాట పూర్తయ్యాక వాద్యపంక్తిని కూడా కూనిరాగం తీసే అలవాటున్నవారికి ఇందులో పాటకు మూడు నాలుగు పంక్తులు దొరుకుతాయి. రెండోవారు, ఫోన్ మీదో ల్యాప్‌టాప్ మీదో సొంతంగా సంగీతం కట్టుకునేవారు. వందలాది ట్రాకులు, వేలాది ధ్వనులు చేతిలో ఉన్న ఈ రోజుల్లో, ఒక్కో స్వరమే పలికే మూడు యంత్రాలతో పాటను ఎలా నింపారో, ఎక్కడ ఖాళీ వదిలారో చెవితో విడదీసి చూసుకోవడం వారికి మంచి పాఠం. మూడోవారు, క్రాఫ్ట్‌వెర్క్ నచ్చినా దాని గాంభీర్యం కాస్త దూరంగా అనిపించేవారు. యాజూ, ఇరేజర్ల ద్వారా క్లార్క్‌ను ఎరిగినవారికి ఇది సొంతింటి గడప.

తెలుగు శ్రోత చెవికి ఇందులో ఒక అనుకూలత, ఒక అడ్డంకి రెండూ ఉన్నాయి. కార్డుల దొంతరల కన్నా ఒంటి స్వర ప్రవాహానికే అలవాటు పడిన చెవి మనది. ఈ ఆల్బమ్ కూడా ఒంటి స్వర పంక్తులతోనే అల్లినది కనుక దారి తప్పినట్టు అనిపించదు. 1986లో ఇళయరాజా 'పున్నగై మన్నన్' తమిళ చిత్రానికి సీక్వెన్సర్ సాయంతో చేసిన సంగీతం, ఆ చిత్రం 'డాన్స్ మాస్టర్'గా అనువాదం కావడంతో ఇక్కడికీ చేరింది. అలాంటి ధ్వని ఇష్టపడినవారికి ఈ లోకం కొత్త కాదు. అడ్డంకి గమకం. సీక్వెన్సర్ మెట్టు నుంచి మెట్టుకు దూకుతుందే గానీ జారదు. స్వరం ఊగాలని, ఒక స్వరం నుంచి మరొకదానికి ఒరుసుకుంటూ పోవాలని ఆశించేవారికి ఇది పొడిపొడిగా, గళ్ల కాగితం మీద గీసినట్టు తోచవచ్చు. గహాన్ గొంతు కూడా అప్పటికి సాపుగా, పెద్దగా ఒంపులు లేకుండా ఉంది.

నచ్చనివారి జాబితా కూడా స్పష్టంగా చెప్పవచ్చు. 'వయొలేటర్' విని, అదే చీకటి లోతు కావాలని వెనక్కి వచ్చేవారు మొదట నిరాశపడతారు. సాహిత్యం కోసం వినేవారికి ఇక్కడ దొరికేది కొద్దే. ఛాతీ అదిరే బాస్‌కు అలవాటు పడిన ఇప్పటి క్లబ్ శ్రోతకు దీని డ్రమ్ములు పలుచగా వినిపిస్తాయి. వీరిలో మొదటి రకం వారు పాటల వరుసను పక్కన పెట్టి 'ఫొటోగ్రాఫిక్', 'టోరా! టోరా! టోరా!', 'ఎనీ సెకండ్ నౌ', 'పపెట్స్' ముందుగా వినడం మేలు. తర్వాతి డెపెష్ మోడ్ ఆనవాళ్లు ఆ నాలుగింటిలో ఉన్నాయి. మిగిలినవారు 'న్యూ లైఫ్'తో మొదలుపెట్టి ఉన్న వరుసలోనే వినవచ్చు. మొదటి విడత మొత్తం పాటగా, రెండో విడత ఒకే వాద్యపంక్తిని మొదటి నుంచి చివరిదాకా వెంటాడుతూ వింటే అల్లిక విడివడుతుంది. రెండోసారి విన్నాక కూడా పిల్లచేష్టగానే తోస్తే, ఆ శ్రోత వెతుకుతున్నది డెపెష్ మోడ్ తర్వాతి ఆల్బమ్‌లలో దొరుకుతుంది. చిన్న యంత్రాల అల్లిక మీద చెవి నిలిచినవారు మాత్రం ఇక్కడి నుంచి గోర్ వైపు కన్నా క్లార్క్ వైపు, అంటే యాజూ వైపు వెళ్లడం సబబు.